ఏమండీగారి గడువు తేదీ

జూన్ 3, సోమవారం. ఉదయం 7.10

షెల్టర్ నుంచి ఒక కుక్కను తెచ్చి మూడు వారాలు ఇంట్లో ఉంచుకుంటాను. మనుషుల్ని అలవాటు చేస్తాను. మంచి ఇల్లు దొరకగానే పంపించేస్తాను. ‘పంపించేస్తాను’ కింద రెండు గీతలు గీశాను. పందొమ్మిదేళ్లుగా లైబ్రరీలో పని చేస్తున్నాను. తీసుకున్నది గడువులోగా తిరిగి ఇవ్వాలని ఊరందరికీ చెప్పేదాన్ని, ఈపాటి నాకు చేతకాదా?

కిందటిసారి సంగతి వేరు. అప్పుడు రెండు వారాలకని వచ్చిన పిల్లి నాలుగేళ్లుగా సోఫా మీదే ఉంది. దాని పేరు టెంపరరీ.

ఈసారి నియమాలు:
1. పేరు పెట్టకూడదు. పిల్లి దగ్గర కాలు జారింది అక్కడే.
2. మంచం ఎక్కనివ్వకూడదు.
3. ఫొటోలు ప్రకటన కోసం మాత్రమే.

గడువు: జూన్ 24.

సాయంత్రం 5.30

తెచ్చాను. గోధుమరంగు. ఒక చెవి నిలబడి ఉంటుంది, రెండోది వాలిపోయి ఉంటుంది. షెల్టర్ మేడం సంతకం పెట్టించుకుని తన బల్ల కింద చూడమంది. కుంటికాలు తల్లికుక్క ఒకటి అట్టపెట్టెలో ముడుచుకుని ఉంది.

“గూళ్లన్నీ నిండిపోయాయండీ. వీడు మీ ఇంట్లోంచి ఇంకో ఇంటికి వెళ్తే ఇది మీ ఇంటికి వస్తుంది. వీణ్ణి మీరే ఉంచేసుకున్నారనుకోండి, దీనికి ఈ పెట్టే గతి. పిల్లి సంగతి నాకు గుర్తుంది మరి” అంది.

అలాగేనన్నాను. తేలిగ్గానే అన్నాను.

జూన్ 4, మంగళవారం. ఉదయం 6.45

చిక్కు వచ్చిపడింది. పేరు లేకుండా పిలిచేదెలా? “ఏయ్” అంటే వణికిపోయి కుర్చీ కిందకి దూరింది. ఎవరో ఆ మాట అని కొట్టి ఉంటారు. మెత్తటి మాట కావాలి.

పేరు పెట్టకుండా పిలవడంలో నాకు పద్దెనిమిదేళ్ల అనుభవం ఉంది. మావారిని ఇంతవరకు పేరు పెట్టి పిలిచి ఎరగను. ఆయనా అంతే, పెళ్లయినప్పటినుంచి నన్ను “ఇదిగో” అనే పిలుస్తారు.

“ఏమండీ” అన్నాను. తోక కదిలింది. వచ్చింది. చిక్కు వీడింది.

జూన్ 6, గురువారం

ఉదయం 7.00. “ఏమండీ, టీ.” కుక్క వచ్చి కప్పు ముందు కూర్చుంది. మావారు రాలేదు. తనని కాదేమో అనుకున్నారట.
7.40. “ఏమండీ, స్నానానికి నీళ్లు కాగాయి.” కుక్క పారిపోయింది. కుక్క కోసం కాచిన నీళ్లతో మావారు స్నానం చేశారు.

ఇంకో సంగతి. ఏమండీ అన్నాక “రా” అనడానికి నోరు రాదు. రండి, కూర్చోండి, చెయ్యివ్వండి అంటున్నాను. అన్నీ వింటోంది. మా అమ్మాయికి కడుపుమంట.

“నన్నేమో లే, తిను, చదువు అంటావు. దానికేమో రండీ కూర్చోండీనా?”

“అది చెప్పిన మాట వింటుంది” అన్నాను.

జూన్ 10, సోమవారం

రెండో నియమానికి చిన్న సవరణ. మంచం అంటే నాలుగు కాళ్లున్నది. పరుపు తీసి నేల మీద పరిస్తే అది మంచం కాదు. మావారికి నడుం నొప్పి. ఆయన మంచం మీదే, వట్టి చెక్క మీద పడుకుంటున్నారు. నడుముకి చెక్క మంచిదని ఎక్కడో చదివాను.

జూన్ 12, బుధవారం

ఉదయం 9.40. మావారు ముందుగదిలో కట్టుడు పళ్లు తయారుచేస్తారు. పళ్ల డాక్టర్లు అచ్చులు పంపిస్తారు, ఈయన పళ్లు చేసి ఇస్తారు. ఈరోజు ఇవ్వాల్సిన సెట్టులో కింది వరస మాయం. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు తిట్లన్నీ టెంపరరీకి పడ్డాయి.
9.55. సోఫా వెనకనుంచి ఏమండీ వచ్చాడు. (కుక్క.) నోట్లో పళ్ల వరస. పెళ్లి ఫొటోలో మా మామయ్య నవ్విన నవ్వే.

కోప్పడతారనుకున్నాను. మావారు వంగి చూసి, “కాటు బాగానే కుదిరిందే” అన్నారు. మళ్లీ కొత్త వరస చేయడానికి కూర్చున్నారు.

ఫొటోలు ఇప్పటికి నలభై ఒకటి. అన్నీ ప్రకటన కోసమే.

రాసింది వెనక్కి తిప్పి చూస్తే ‘అది’ పోయి ‘వాడు’ వచ్చింది. ఎప్పుడు వచ్చిందో తెలియదు.

జూన్ 15, శనివారం

మేడం ప్రకటన రాసి పంపమంది. ఉన్నదున్నట్టు రాశాను. గురక పెడతాడు. ప్రెషర్ కుక్కర్‌తో గొడవ పడతాడు. పళ్ల సెట్లున్న ఇళ్లకు పనికిరాడు.

మా అమ్మాయి చదివి, “ఇది ప్రకటనా, పితూరీనా?” అంది.

జూన్ 18, మంగళవారం. సాయంత్రం 5.15

కొత్తగా పెళ్లైన జంట వచ్చారు. మంచివాళ్లు. అదే నా బాధ. అతను “కూర్చో” అన్నాడు. మావాడు అటు చూడను కూడా చూడలేదు. మర్యాదగా చెబితే వింటాడని నేను చెప్పలేదు. ఆ అమ్మాయి మొగుడి వైపు తిరిగి “ఏమండీ, మనింటికి కుదురుతుందంటారా?” అనగానే ఒక్క గెంతులో వెళ్లి ఆమె ఒళ్లో రెండు కాళ్లూ పెట్టాడు. ఆమె మొహం వెలిగిపోయింది.

“అందరి దగ్గరా అలాగే చేస్తాడు, నమ్మకండి” అన్నాను.

ఆలోచించుకుని చెబుతామని వెళ్లిపోయారు. వాడికి రెండు బిస్కెట్లు ఇచ్చాను. నేను మూడు తిన్నాను.

6.30. మేడం ఫోన్. “లైబ్రరీకి పుస్తకాలొచ్చే అట్టపెట్టెలు ఉంటే ఒకటి ఇస్తారా? వానకి తల్లికుక్క పెట్టె తడిసిపోయింది.”

బిస్కెట్ల డబ్బా మూతపెట్టి అటక మీద పెట్టేశాను.

జూన్ 20, గురువారం

పెట్టె నేనే తీసుకెళ్లాను. తల్లికుక్క కుంటుకుంటూ అందులోకి ఎక్కి, తల బయటపెట్టి నా చెప్పు మీద ఆనించింది. దాన్ని నేను చూడనట్టు నటించాను.

లైబ్రరీలో ఒకాయన గడువు దాటినా పుస్తకం ఇవ్వనన్నాడు. దాన్ని వదల్లేకపోతున్నాడట.

“మీరు ఉంచేసుకుంటే ఎలాగండీ? ఇంకొకరు ఎదురుచూస్తున్నారు” అన్నాను.

అనేసి రిజిస్టరులో తల దూర్చాను.

సాయంత్రం 6.00. ఉంచేసుకుందామని మావారితో అనేశాను. నియమాలన్నీ గంగలో కలిశాయి.

ఆయన చేతిలో పన్ను పక్కన పెట్టి, “ఉంచేసుకుందాం. నాకూ ఇష్టమే. కానీ బల్ల కింద ఉన్నదానికి ఆ మాట నువ్వే వెళ్లి చెప్పాలి” అన్నారు.

వంటింట్లోకి వెళ్లి కుక్కర్ పెట్టాను.

జూన్ 23, ఆదివారం. సాయంత్రం 4.45

ఆ కొత్త జంట మళ్లీ ఫోన్ చేయలేదు. వెనక వీధి నర్సమ్మగారు వచ్చారు. ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యారు. ఒక్కరే ఉంటారు. లైబ్రరీ పుస్తకం ఒక్కరోజు కూడా ఆలస్యం చేసి ఎరగరు. పితూరీ మొత్తం చదివే వచ్చారు.

“గురక నాకు అలవాటేనమ్మా. పేరేమిటి?”

“పేరు లేదండీ.”

“మరి ఎలా పిలుస్తారు?”

ఏదో ఒకటి చెప్పేయొచ్చు. ఏ రాజా అనో చెబితే ఆవిడ పిలుస్తారు, వాడు వెళ్లడు, పని అయిపోతుంది. నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పు మీద ఆనిన తల గుర్తొచ్చింది. నిజమే చెప్పాను.

ఆవిడ పకపకా నవ్వారు. తర్వాత ఆగిపోయారు.

“ఆ మాట నా నోట్లోంచి వచ్చి ఆరేళ్లయిందమ్మా” అన్నారు.

చేతిసంచి కింద పెట్టి మెల్లగా “ఏమండీ” అన్నారు. వాడు నా దగ్గరికి వచ్చేటప్పుడు పరిగెత్తుతాడు. ఆవిడ దగ్గరికి నడిచే వెళ్లాడు. చెప్పకుండానే కూర్చున్నాడు.

“మీకు కట్టుడు పళ్లు ఉన్నాయా?” అని అడిగాను. అదే నా ఆఖరి ప్రయత్నం.

“పై వరస. మీ ఆయన చేసిందే.”

“అయితే పళ్లు నానబెట్టే గ్లాసు ఎత్తులో పెట్టుకోండి.”

ఆవిడ వాడి మెడపట్టీ తాడు అందుకుని, “ఇక లేవండి, చీకటి పడకముందే ఇల్లు చేరాలి” అన్నారు. ఇద్దరూ వెళ్లారు. వీధి మలుపు దాకా చూశాను. వాలిన చెవి కూడా కాస్త నిలబడినట్టే ఉంది.

గడువుకి ఒకరోజు ముందే ఇచ్చేశాను. టెంపరరీని పట్టుకుని ఏడ్చాను. అది ఓర్చుకుంది.

జూన్ 24, సోమవారం. ఉదయం 7.00

“ఏమండీ, టీ” అన్నాను. మావారు వచ్చారు. నా కళ్లల్లో నీళ్లు.

“నన్ను చూసి ఇంత దిగులు పడటం పెళ్లిచూపుల్లో కూడా చూడలేదు” అన్నారు.

జూన్ 25, మంగళవారం. ఉదయం 8.15

తల్లికుక్క వచ్చింది. పుస్తకాల పెట్టెతో సహా.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు మావారు. తొక్కుతాను, కడుక్కుంటాను. ఈసారి మాత్రం గట్టి పట్టు.

1. పేరు పెట్టకూడదు. ‘ఏమండీ’ కూడా పేరే.
2. పరుపు కూడా మంచమే.
3. ఫొటోలు మూడు. అంతే.

గడువు: జూలై 16.

సాయంత్రం 6.00

లైబ్రరీ నుంచి వచ్చాను. పగలంతా దాన్ని మావారే చూసుకున్నారు.

“పేరేమైనా పెట్టేశారా?” అని నిలదీశాను.

“నియమం నాకు తెలియదా? ఏ పేరూ పెట్టలేదు. పిలిస్తే మాత్రం చక్కగా వస్తోంది” అన్నారు.

6.10. ముందుగదిలోంచి మావారు “ఇదిగో” అని పిలిచారు. ఇద్దరం వెళ్లాం.