విరిగిన ఫోర్కు

28 జూలై 1974, తెనాలి

ఈ డైరీని పొరపాటున తెరిచే మహాజనులకు శతకోటి క్షమాపణలు. ఇందులో అమర ప్రేమలు లేవు, దేశసేవ లేదు, ఆత్మజ్ఞానం అసలే లేదు. ఉన్నదంతా గేరు ఆయిలు. బాపట్లలో బీయస్సీ సెకండ్ క్లాసులో పాసై, ఉద్యోగాలు తనను వెతుక్కుంటూ రావడం కాస్త ఆలస్యమైనందువల్ల పున్నారావు మామయ్య ట్రాక్టర్ షెడ్డులో స్పానర్లు అందిస్తున్న ఒక మేధావి గోడు ఇది. క్షమించండి. క్షమించకపోయినా రాస్తాను.

31 జూలై

రేపల్లె నుంచి బసవేశ్వరరావు గారి ట్రాక్టర్ వచ్చింది. డ్రైవరు సీమోను. జబ్బు: డిఫరెన్షియల్ లాకు పడటం లేదు.

పామరుల కోసం వివరణ. దమ్ములో, అంటే నీళ్ళు పెట్టిన పొలం దున్నేటప్పుడు, ఒక వెనకచక్రం బురదలో జారి గిరగిరా తిరుగుతుంది. రెండోది హెడ్ గుమాస్తాలా కదలదు. అప్పుడు మడమతో పెడల్ నొక్కితే లోపల ఫోర్కు అనే ఇనుప పంగ జరిగి రెండింటినీ కలిపి బిగిస్తుంది, బండి బయటపడుతుంది. కాలు తీయగానే లాకు విడిపోవాలి. విడకపోతే బండి మలుపు తిరగదు, తిన్నగా పోతుంది.

రోజంతా ఎవడు నొక్కి కూర్చుంటాడని మా వైపు డ్రైవర్లు పెడల్‌ని తుమ్మచెక్కతో బిగించేస్తారు. గట్టు దగ్గర అలాగే తిప్పుతారు. ఫోర్కు వంగిపోతుంది. సీమోను చేసిందీ అదే.

మామయ్య తగులుకున్నాడు. ఏరా సీమోనూ, సారా ముట్టనని చర్చిలో ఒట్టేసినోడివి, చెక్క పెట్టనని కూడా ఓ ఒట్టు పడేస్తే పోయేది గదరా అన్నాడు. ఏడాదికి ఒకటేనండి, అన్నీ కలిపి వేస్తే దేవుడు నమ్మడండి అన్నాడు సీమోను. కొత్త సంవత్సరం రోజున సంఘం ముందు నిలబడి ప్రమాణం చేశాడట. అప్పటినుంచి చుక్క ముట్టలేదట.

4 ఆగస్టు

మద్రాసు నుంచి ఫోర్కు వచ్చింది. నేనే బిగించాను. మామయ్య వంగి చూసి ఏమీ అనలేదు. భారతరత్న వచ్చినట్టే.

ఆ ఆనందంలో షెడ్డు వెనక సీమోను దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్నాను. మడమతో నొక్కండి బాబుగారూ, వేళ్ళతో కాదు, ఇదేమన్నా హార్మోనియం అనుకున్నారా అన్నాడు. నేను గోడను గుద్దితే, గోడదే తప్పులెండి, పక్కకి జరగాల్సింది అన్నాడు.

19 సెప్టెంబరు

ఉద్యోగాలు ఇంకా వెతుకుతూనే ఉన్నాయి. నన్ను కాదు.

2 డిసెంబరు

సీమోను చనిపోయాడు.

3 డిసెంబరు

వరిమోపులు లాగుతూ కాలవగట్టు మీద వస్తున్నాడట. మలుపులో బండి తిరగలేదు. తిన్నగా కాలవలోకి దిగింది. అతను కింద ఉండిపోయాడు.

తాగి తోలాడు అంటున్నారు బసవేశ్వరరావు గారు. మీరు చూశారా అండి అని మామయ్య అడిగితే, చూసేదేంటయ్యా, తాగనోడు కాలవని రోడ్డనుకుంటాడా అన్నారు. షెడ్డు ముందు కాఫీ తాగుతున్నవాళ్ళు నవ్వారు. మామూలుగా అయితే ఆ జోకు నేనే వేసేవాణ్ణి.

5 డిసెంబరు, రేపల్లె

బండిని తీసుకురావడానికి వెళ్ళి సీమోను ఇంటికి పోయాను. భార్య దేవకుమారి అరుగు మీద కూర్చుని ఉంది. పోయినవాడి కోసం ఇంట్లో ప్రార్థనకి ఆదరణ కూడిక పెడితే ఇద్దరు ముసలమ్మలు తప్ప సంఘంలో ఎవరూ రాలేదట. ప్రమాణం తప్పినవాడికి ఏం ప్రార్థన చేస్తాం అన్నారట.

ఆమె ఏడవలేదు. ఆయన పోయింది ఓర్చుకుంటానండి బాబు, మాట తప్పి పోయాడంటే ఓర్చుకోలేనండి అంది. వచ్చే ఆదివారం కాక పైవారం చర్చిలో కోతపండుగట. ఏటా సీమోను గుమ్మడికాయ మోసుకెళ్ళేవాడట. ఈసారి గుడి గడప తొక్కను, ఆ మొహాలు చూడలేనండి అంది.

ఓదార్చడం బీయస్సీలో చెప్పలేదు.

7 డిసెంబరు

మామయ్య గుంటూరు వెళ్ళాడు. ఫోర్కు ఉండే వెనక హౌసింగు ఒక్కణ్ణే విప్పాను. చూసింది ఈ రోజు రాయను.

8 డిసెంబరు

ఫోర్కు విరిగింది, లాకు విడిపోలేదు, బిగించింది నేనే అని మామయ్యకి చెప్పాను. చెంప పగలగొట్టాడు. కాసేపటికి వచ్చి, ఆగస్టులో నేను చూశాను గదరా, బాగానే బిగించావు గదరా అన్నాడు. నేను చెంప తడుముకుంటూ కూర్చున్నాను.

15 డిసెంబరు, రేపల్లె

కోతపండుగ. ఆరాధన అయ్యాక బల్ల మీద ప్రథమఫలాలు: గుమ్మడికాయలు, ధాన్యం, కాళ్ళు కట్టిన కోళ్ళు. వాటి పక్కన ఫోర్కు ముక్కలు పెట్టి వెనక నిలబడ్డాను.

సంఘపెద్ద దేవసహాయం గారు ఒక్కొక్కటీ ఎత్తి చూపి వేలంపాట పెడుతున్నారు. ఈ పుంజు కూస్తే పాస్టరుగారు కూడా లేస్తారర్రా, పాడండి అంటూ మంచి హుషారు మీదున్నారు. ఫోర్కు ఎత్తి, ఇదేం కూరగాయర్రా అన్నారు. అందరూ నవ్వారు.

నాకు జోకు రాలేదు. అది సీమోను బండిలోదండి అన్నాను. నేను బిగించాను, విరిగింది, లాకు పట్టేసింది, ఆ మలుపులో ఎవరు తోలినా కాలవలోకే పోతారండి, అతను తాగలేదండి అన్నాను.

ఒక ముసలమ్మ లేచి, అయితే వాడు మాట తప్పలేదా నాయనా అంది. లేదమ్మా అన్నాను. ఆమె గబగబా బయటికి నడిచింది.

దేవకుమారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. జనం దారి ఇచ్చారు. దేవకుమారి ముక్కల్ని కొంగులో వేసుకుని నా ముందు ఆగింది. నీ చేతి పనేనా బాబూ అంది. అవునన్నాను. ఆమె దండం పెట్టింది.

మొహాన ఉమ్మినా బాగుండేది.

22 డిసెంబరు, తెనాలి

సీమోను ఇంట్లో మళ్ళీ ఆదరణ కూడిక పెట్టారట. వాకిలి పట్టనంత మంది వచ్చారట. బండికి ఇంకో కొత్త ఫోర్కు వేశాం. మామయ్య నన్ను ముట్టుకోనివ్వలేదు. రేపల్లె బళ్ళేవీ మా షెడ్డుకి రావడం లేదు. మామయ్య స్టూలు మీద కూర్చుని రోడ్డు చూస్తున్నాడు.

29 డిసెంబరు

ఏడో తేదీన హౌసింగు విప్పి చూస్తే ఫోర్కు చెక్కుచెదరలేదు. లాకు విడిపోయే ఉంది. సీమోను తాగాడో లేదో నాకు తెలియదు.

నేనే సుత్తితో విరగ్గొట్టాను.