చిన్నబ్బ చేనుకేసి చూసే ఊరు

తిరుపతి,
2025 ఆగస్టు 4, సోమవారం.

తాతకు నమస్కారాలు.

పొద్దున్నే నిర్ఘాంతపోయాను. (ఈ మాట వాడాలని ఎన్నాళ్లుగానో కోరిక!) మన ఊళ్లో చేసిన సర్వే కాగితాలు ఇప్పుడే లెక్కపెట్టాను. "పంట పెట్టేముందు ఎవరి చేను చూస్తారు?" అన్న ప్రశ్నకు నలభై మూడు ఇళ్లలో నలభై ఒక్క ఇళ్లు చిన్నబ్బ పేరే చెప్పాయి. నువ్వు కూడా! అంటే ఆయన చేత జీవామృతం పోయిస్తే ఊరంతా పోస్తుంది. పద్నాలుగో తేదీకి పదిమందైనా యూరియా మాని, పేడ, గోమూత్రం, బెల్లం కలిపి ఈ ఎరువు మొదలుపెట్టకపోతే నా కాలేజీ ప్రాజెక్టు చెల్లదు, ఏడాది పోతుంది. ఫోన్లో నీకు సగమే వినిపిస్తుంది కాబట్టి ఉత్తరం పలమనేరు బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను.

నీ మనవరాలు,
రూపశ్రీ

తా.క.: "ఆదర్శ రైతు" బోర్డు కూడా పంపుతున్నాను. ఫొటోకు ఆయన్ని గడ్డం గీసుకోమను.

7వ తేదీ

చిరంజీవి రూపశ్రీకి తాత కుప్పుస్వామి ఆశీస్సులు.

నీ జాబు సదివినా. చిన్నబ్బ చేతనా? మళ్లీ సదివినా. అదే పేరు. సదువుకున్నదానివి, ఏదో ఎత్తు ఉంటాదిలే అని ఆయన చేన్లో బోర్డు నాటించినా. చిన్నబ్బ జీవామృతం పోసి, కొత్త తువ్వాలు కట్టుకోని, బోర్డు పక్కనే నిలబడుకోనుండాడు.

మీ తాత

తా.క.: అంతకుముందే డ్రమ్ముల్లో జీవామృతం కలిపి పెట్టుకున్న ముగ్గురూ బోర్డు సూసి పారబోసినారు.

8వ తేదీ

తాతా,

పారబోశారా! బోర్డు చిన్నదైపోయినట్టుంది. పన్నెండడుగుల ఫ్లెక్సీ పంపుతున్నాను. చిన్నబ్బ ఫొటో రోజూ ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టించు.

కంగారుగా,
రూపశ్రీ

తా.క.: ధనంజయ మామ రెండేళ్లుగా జీవామృతమే వాడుతున్నాడు కదా. ఫ్లెక్సీ ఆయన ఇంటి ఎదురుగా కట్టించు, సంతోషపడతాడు.

11వ తేదీ

అమ్మా రూపశ్రీ,

కట్టించిన గంటకే ధనంజయ పోయి యూరియా తెచ్చుకున్నాడు. "ఏందప్పా, రెండేండ్లు బాగనే పండింది గదా?" అంటే, "ఇప్పుడు చిన్నబ్బ పోసినాడే! ఇంగ నాకు ధైర్యం యాడిది?" అన్నాడు.

నువ్వు అడిగింది ఎవరి చేను సూస్తారని. సూసి ఏం చేస్తారని అడగలేదు గదమ్మా! ఆయన టమోటా పెడితే మేం బీన్స్ పెడతాం. ఆయన బీన్స్ పెడితే మేం టమోటా. పదేండ్లుగా ఆయన పెట్టిన పంటకు ధర నిలిచింది లేదు. నీకు తెలుసనుకున్నా.

నీ ఏడాది పోతాదని భయమేసి, ఆయనకే ఉన్నది ఉన్నట్టు చెప్పేసినా. ఆయన నవ్వినాడు. "నాకు తెల్దా కుప్పన్నా? నేనేడిస్తేనే గదా ఊరు నవ్వేది. పాపకు పదిమందే గదా కావాల? ఊరినంతా పోయిస్తా సూడు" అన్నాడు.

రేపు పొద్దున ఆరింటికి, అందరూ పాలకేంద్రంలో పాలు పోసేటప్పుడు, చిన్నబ్బ ఫ్లెక్సీ చించేసి, రెండు యూరియా మూటలు దించి, "నాకొద్దప్పా ఈ జీవామృతం!" అని అరుస్తాడంట.

మీ తాత

తా.క.: మూటల్లో ఉండేది యూరియా గాదు, చెనిక్కాయలు ఒలిచిన పొట్టు. సాయంత్రం బస్సుకే వచ్చెయ్. ఆయన అరిచేటప్పుడు నువ్వు పక్కన నిలబడి ఏడవాలంట.