మన మేడ మీద చిక్కిన ఓరియన్ నెబ్యులా

అన్నా,

నిన్న సాయంత్రం నీ చిన్న టెలిస్కోప్‌తో ఓరియన్ నెబ్యులాను, అదే నువ్వు చెప్పే ఆ చుక్కల మధ్య మబ్బును, ఫొటో తీశాను. నవ్వకు, నిజంగానే తీశాను! అమీర్‌పేట లైట్లలో అది పడదని మూడు చలికాలాలు విసుక్కున్నావు కదా. నువ్వు పోయాక రెండేళ్లు ఆ టెలిస్కోప్ పెట్టె తెరవబుద్ధి కాలేదు.

ఎదురు హోర్డింగ్ వెలుగు పడకుండా కింది వాటా కాకినాడ ఆంటీ దుప్పటి పట్టుకుని గంటసేపు నిలబడింది.

"ఏంటమ్మా, ఇంకా రాలేదా మీ మబ్బు?" అని నిమిషానికోసారి అడిగింది.

రెండు వందల ఫొటోలు తీసి, కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పేర్చాను. గులాబీ రెక్కలు విప్పుకుని వచ్చింది, అన్నా!

ఇవాళ అమ్మకు చూపించాను.

"గిదేనా, వాడు చలిలో కూసొని దేవులాడింది?" అంది.

"ఇదేనమ్మా."

"మస్తున్నది. నాకు సుత చూపియ్యి, పైకి పోదాం పా."

నువ్వు పోయినప్పటి నుంచి అమ్మ మేడ ఎక్కలేదు. ఇవాళ మోకాళ్లు పట్టుకుంటూ ఎక్కింది. కంటికి బూడిదరంగు మరకలాగే కనిపిస్తుందని ముందే చెప్పాను. అయినా టెలిస్కోప్‌కు కన్ను ఆనించిందంటే, అరగంట దాకా నా వంతు రానివ్వలేదు.

నీ చెల్లి