మూత కాదు, గిన్నె

నాన్నకు,

నేను కులాసా. బెంగ వదిలేయండి, నా పురావస్తు పరిశోధన వ్యాసం గట్టెక్కింది!

పుస్తకాలన్నీ ఒక పాత మట్టిపెంకును కుండమూత అన్నాయి. నేను గిన్నె అని రాశాను. "ఇంతమంది పెద్దలు తప్పు, నువ్వు ఒప్పా? అది మార్చందే సంతకం పెట్టను" అని మా గైడుగారు కస్సుమన్నారు. నిన్న గోదాములోంచి అసలు పెంకునే తెచ్చి ఆయన బల్ల మీద పెట్టాను.

"మూత నెత్తిన ఇంత మసి ఎలా పడుతుందండీ? తిరగేసి చూడండి, ఇది పొయ్యి మీద కూర్చున్న గిన్నె అడుగు" అన్నాను.

దీని గురించి మొదట రాసినాయన బొమ్మను తలకిందులుగా గీశాడు. తక్కినవాళ్ళు పెంకును చూడకుండా ఆయన్ని చూసి రాశారు. గైడుగారు పెంకును అటూ ఇటూ తిప్పి, "నా పుస్తకంలోనూ మూత అనే రాశానమ్మా" అని పకపకా నవ్వి సంతకం పెట్టేశారు.

పళ్ళు తోముకునే పాత బ్రష్షులు అమ్మను పారేయొద్దనండి, పెంకులు కడగడానికి కావాలి. వంటింటి కప్పు కారడం ఆగిందా? తమ్ముడు ఇంకా పక్కవాడి లెక్కలు చూసి రాస్తున్నాడా? వాడికి ఈ కార్డు రెండుసార్లు చదివి వినిపించండి.

అమ్మకు నమస్కారాలు. చిన్నప్పటినుంచీ మీరు తిట్టే తిట్టుకు ఇప్పుడు పట్టా కూడా వస్తోంది.

మీ పెంకిపిల్ల