గుమ్మం సీను

అక్కా,

వాన ఇంకా పట్టు విడవలేదు. కాలువ పొంగి పొలాల్లో మోటార్లన్నీ మునిగాయి. బురదతో సహా తెచ్చి మా గుమ్మం ముందు దించి పోతున్నారు. నీ మరిది విప్పుతారు, నేను కాలిన తీగ లాగేసి కొత్త తీగ చుడతాను. ఎండ లేక తీగకి పూసిన వార్నిష్ ఆరడం లేదు. పెద్ద బల్బు వెలిగించి దాని కింద పెడుతున్నాం. ఆ వాసనకి పొద్దుటి నుంచీ తల దిమ్ముగా ఉంది. బావ దగ్గు తగ్గిందని రాశావు, సంతోషం.

"కుట్టుమిషను ఒకటి ఖాళీగా ఉంది, వచ్చి నా దగ్గర కొన్నాళ్లు ఉండు" అని నువ్వు రాసి చాలా రోజులైంది. జవాబు రాయలేదని కోపగించుకోకు. రావాలనే ఉంది. వెళ్తానని ఇక్కడ చెప్పడమే నాకు చేతకావడం లేదు. వింటే నీకూ నవ్వొస్తుంది. అదే నా బాధ.

మా ఇల్లు చూశావు కదా. వెనక రెండు గదులు, ముందు షాపు. వెనక వైపు వాకిలి లేదు, గోడే. బయటికి రావాలంటే షాపు మధ్యలోంచి రావాలి. అక్కడ ఎప్పుడు చూసినా నలుగురు కూర్చుని ఉంటారు. సగం మంది మోటారు ఇచ్చినవాళ్లు, సగం మంది నీ మరిది మాటలు వినడానికి వచ్చేవాళ్లు.

అమ్మకి ఇష్టమైన ఆ పాత సినిమా గుర్తుందా? చివర్లో పెళ్లాం సంచి పట్టుకుని ఇల్లు వదిలి బయల్దేరుతుంది. చిన్నప్పుడు అమ్మ మనిద్దరినీ తీసుకెళ్లింది. నువ్వు బెంచీ మీద నిద్రపోయావు. నేను అమ్మ ఏడుస్తోందని ఏడ్చాను. తర్వాత కామెడీవాళ్లు ఆ సీనుకి పేరడీ చేశారు, టీవీలో ఎన్నిసార్లు వేశారో. అందులో మొగుడు గుమ్మానికి అడ్డంగా పడి, పెళ్లాం కాళ్లు పట్టుకుని, "వెళ్లకే! దీపం ఎవరు పెడతారే! పొయ్యి ఎవరు వెలిగిస్తారే! నా వీపు ఎవరు గోకుతారే!" అని రాగం తీస్తాడు. సంచి తెగి గిన్నెలు దొర్లిపోతాయి. ఆవిడ గిన్నెలు ఏరుకోవడానికి వెనక్కి తిరుగుతుంది. ఇంకేముంది, ఉండిపోతుంది. ఇప్పుడు ఊళ్లో ఎవరికీ సినిమా గుర్తు లేదు, గిన్నెలే గుర్తు.

నీ మరిది ఆ గుమ్మం సీను టీవీలోవాడి కంటే బాగా చేస్తారని పేరు. పెళ్లిళ్లలో పిలిచి మరీ చేయిస్తారు.

పోయిన వేసవిలో ఒకరోజు సంచి సర్దుకుని షాపులోకి వచ్చాను. "అక్క దగ్గరికి వెళ్తున్నాను. ఎప్పుడొస్తానో తెలీదు" అన్నాను. ఆయన నా మొహం చూశారు. ఆయనకి అర్థమైంది అక్కా, నాకు తెలుసు. తర్వాత కూర్చున్నవాళ్ల వైపు చూశారు. చేతిలో స్పానరు పక్కన పడేసి గుమ్మానికి అడ్డంగా పడిపోయారు. "నా వీపు ఎవరు గోకుతారే!" రోజూ వచ్చే లారీ డ్రైవరు నవ్వి నవ్వి స్టూలు మీంచి జారాడు. "వదినా, గిన్నెలేవీ? గిన్నెలు లేకుండా బయల్దేరితే ఎలా?" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. నవ్వేశాక ఇంకే మొహం పెట్టుకుని వెళ్లను? సంచి లోపల పెట్టి అందరికీ టీ పెట్టాను.

ఇంకోసారీ అంతే అయింది. ఆ మధ్య అయితే నేను నోరు తెరవకముందే పాలాయన అందుకున్నాడు. "అదుగో, వెళ్లిపోతోంది! పడవయ్యా, పడు!"

పక్కింటి పిన్నితో చెప్పుకున్నాను. "తాగడు, కొట్టడు, పొద్దస్తమానం నవ్విస్తాడు. ఇలాంటి మొగుడి మీదా నీ ఫిర్యాదు? ఎవరైనా వింటే నిన్ను చూసి నవ్వుతారు" అంది. ఇప్పుడు మాత్రం నవ్వడం లేదా?

నీకు చెప్పనిది ఒకటుంది. ఆరో నెలలో కడుపులో బిడ్డ పోయినప్పుడు నువ్వు వచ్చేసరికే నేను లేచి తిరుగుతున్నాను కదా. అంతకుముందు ఆస్పత్రిలో గోడ వైపు తిరిగి పడుకుని ఎవరితోనూ మాట్లాడలేదు. "ఏదో ఒకటి చెప్పి మాట్లాడించవయ్యా" అన్నారు నర్సులు. ఆయన వార్డు గుమ్మంలో మోకాళ్ల మీద పడి ఆ సీను చేశారు. నర్సులు నవ్వారు. పక్క మంచం ఆవిడ కుట్లు పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. "హమ్మయ్య, నవ్వింది" అన్నారందరూ. ఆ తర్వాత ఎవరూ బిడ్డ మాట ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. నేను ఎత్తబోతే నా మొహంలో ముందే కనిపిస్తుంది కాబోలు, ఏదో చేసి నవ్వించేస్తారు. ఏడుపు గొంతు దాకా వచ్చి నవ్వై పోతోంది.

నేను నీ దగ్గరికి రావాలనేది కుట్టుపని కోసం కాదు. ఎవరూ అడ్డం పడకుండా ఒక్కసారి ఏడవాలి.

బావకి ఇది చూపించకు.

నీ చెల్లి

*

అక్కా,

వాన తెరిపిచ్చింది. మోటార్లు ఒక్కొక్కటీ తీసుకెళ్తున్నారు. షాపులో ఇప్పుడు కాలు పెట్టడానికి చోటుంది.

మా ఊరి సినిమాహాలు పడగొట్టి గోదాము కడతారట. మూసే ముందు పాత సినిమాలు రోజుకొకటి వేస్తున్నారు. బుధవారం మ్యాట్నీకి అమ్మ సినిమా వేశారు. లారీ డ్రైవరే టికెట్లు తెచ్చాడు. "అన్నా, ఆ సీను రాగానే నువ్వు లేచి నిలబడి అనాలి. హాలు అదిరిపోవాలి" అన్నాడు. షాపు మూసి అందరం వెళ్లాం.

దారిలో ఆయన్ని అడిగాను. "అసలు ఈ సినిమా మీరెప్పుడైనా చూశారా?"

"చూడ్డమెందుకు? నోటికొచ్చుగా" అన్నారు.

చూడలేదు అక్కా. ఇన్నేళ్లూ ఆయన చేసింది పేరడీకి నకలు. నేను చూశానన్న మాటే గానీ, నాకూ గిన్నెలే గుర్తున్నాయి.

హీరో తెర మీద కనపడగానే ఎవడో "వీపు గోకండ్రా!" అని అరిచాడు. అప్పట్నుంచీ ప్రతిదానికీ నవ్వే. చివరికి ఆమె సంచి తీసింది. డ్రైవరు మోచేత్తో పొడిచాడు. నీ మరిది లేచి నిలబడి, రెండు చేతులూ చాచి, "వెళ్లకే! దీపం ఎవరు పెడతారే!" అన్నారు. హాలు నిజంగానే అదిరింది.

తెర మీద అతను పడలేదు. గుమ్మంలోంచి పక్కకి జరిగి దారి ఇచ్చాడు. "వెళ్లు. దీపం నేను పెట్టుకుంటాను" అన్నాడు. మామూలుగానే అన్నాడు, ఏడవలేదు. ఆమె వెనక్కి తిరగలేదు. ఇన్నాళ్లూ తిరుగుతుందనే అనుకున్నాను. ఆమె వెళ్లాక గది ఒక్కటే చూపించారు. అతను అగ్గిపెట్టె కోసం వెతుకుతున్నాడు. ఒక డబ్బా తీస్తాడు, పెడతాడు, ఇంకోటి తీస్తాడు. తన ఇంట్లో అగ్గిపెట్టె ఎక్కడుంటుందో అతనికి తెలీదు. చీకటి పడుతూ ఉంటుంది.

జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు. నీ మరిది చేతులు దించి అలాగే నిలబడ్డారు. వెనకవాళ్లు "కూర్చోవయ్యా బాబూ, కనపడి చావట్లేదు" అంటే కూర్చున్నారు. నాకు ఏడుపు ఆగలేదు. నా భుజాలు కదలడం చూసి పక్కనున్నావిడ నేను నవ్వుతున్నాననుకుని నా తొడ మీద చరిచింది.

ఇంటికొచ్చి షట్టరు ఎత్తుతూ ఆయన అడిగారు. "వాడు అడ్డం పడలేదేం?"

"ఆమె నిజంగానే వెళ్తోంది కాబట్టి" అన్నాను.

ఆయన షట్టరు పూర్తిగా ఎత్తి లోపలికి వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి సీను చేయడం లేదు. అడిగితే "పని చూసుకోండి" అంటున్నారు. "అన్న రేటు పెంచాడురోయ్" అంటున్నాడు డ్రైవరు. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. నవ్వు పోతే ఏదో తెరుచుకుంటుందనుకున్నాను. ఇది ఇంకో గోడేమో అని భయంగా ఉంది. నిన్న సంచి సర్దాను. మళ్లీ బట్టలన్నీ తీసి ఎక్కడివక్కడ పెట్టేశాను. నా కోసం ఎదురుచూడకు.

నీ చెల్లి

*

వదినగారికి,

నాకు ఉత్తరాలు రాసే అలవాటు లేదు. తప్పులుంటే మీరే సర్దుకుని చదవండి. ఇక్కడ ఎండ బాగా కాస్తోంది. వార్నిష్ పూటలో ఆరుతోంది. పని తక్కువగా ఉంది.

మీ చెల్లెలు మీకు అన్నీ రాసిందని చెప్పింది. రాయాల్సిందే. ఆస్పత్రిలో నేను చేసింది ఆమె మీకు రాసింది. దానికి ముందు జరిగింది ఆమెకి తెలియదు. బిడ్డను గుడ్డలో చుట్టి నా చేతికే ఇచ్చారు. నేనే తీసుకెళ్లి పూడ్చి వచ్చాను. కాళ్లు కడుక్కుని తిన్నగా వార్డుకి వచ్చేసరికి నర్సులు మాట్లాడించమన్నారు. నాకు వేరే మాట రాలేదు. వచ్చిందే చేశాను. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. ఇంక ఆ మాట ఎత్తకూడదేమో అనుకున్నాను.

గురువారం తీగ చుడుతుంటే ఆమెకి చెప్పాను. ఆడపిల్ల అని, జుట్టు నల్లగా ఉందని చెప్పాను. ఎక్కడ పూడ్చానో చెప్పాను. ఆమె చేతిలో తీగ వదలకుండా విన్నది. ఆ చుట్టు పూర్తి చేసి, ముడి వేసి, "నేను వెళ్తాను" అంది. సరేనన్నాను.

రెండు రోజులకి ఆమె సంచి పట్టుకుని షాపులోకి వచ్చేసరికి లారీ డ్రైవరు, పాలాయన, ఇంకా ఇద్దరు కూర్చుని ఉన్నారు. నేను స్టూలు పక్కకి జరిపి దారి ఇచ్చాను. "వెళ్లు" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. "కొత్త సీనురోయ్! అన్న మొహం చూడండి, అచ్చం హాల్లో చూసినట్టే ఉంది" అన్నాడు డ్రైవరు. ఇది సీను కాదన్నాను. దానికి ఇంకా నవ్వారు. ఎదురుగా ఆగిన బస్సు కదిలేదాకా నవ్వుతూనే ఉన్నారు. ఇప్పటికీ వచ్చి అదే మళ్లీ చేయమంటున్నారు.

మీ చెల్లెలు నవ్వలేదు. నేను చూశాను.

ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి. ఎప్పుడొస్తావని నేను అడగలేదు, మీరూ అడగొద్దు. మోటార్లలో పెట్టే కాగితం కోసే కత్తెర ఎక్కడుందో కనపడటం లేదు. ఆమెకి చెప్పకండి. వెతుక్కుంటాను.

శనివారం పొద్దున ఏడింటి బస్సుకి వెళ్లింది.

మీ మరిది