క్లారినెట్‌కు కొత్త బ్యారెల్

మంగళవారం, రాత్రి

ఈరోజు బాలానగర్ పోయి, లేత్ పని చేసే యాదగిరితో క్లారినెట్‌కు కొత్త బ్యారెల్ చేయించుకున్నాను. నోట్లో పెట్టుకునే ముక్కకు కింద ఉండే ఆ చిన్న చెక్క గొట్టం మొన్న గచ్చిబౌలి పెళ్లిలో చీలింది. బరాత్ అంతా ఎండలో వాయించి, ఆ వేడి మీదనే ఏసీ హాల్లోకి తీసుకుపోతే ఏ చెక్క ఆగుతుంది?

యాదగిరి నల్లటి చెక్క ముక్క ఒకటి చూపించాడు. "మంచి చెక్క కాకా. పెద్ద పెద్ద కచేరీలల్ల గిదే వాడుతరు."

"కచేరోళ్లు నీడకు కూసొని వాయిస్తరు. నేను పెండ్లికొడుకు గుర్రం ముందల నడుస్త. ఎబొనైట్ పెట్టు," అన్నాను. అది గట్టి నల్ల రబ్బరు. ఎండకైనా ఏసీకైనా చీలదు.

అన్నాను గానీ, దారంతా ఒకటే ఫికర్. వాయిద్యం గొంతు మారితే ఎట్లా? సౌండ్ తేడా వస్తే ఎల్లుండి మాదాపూర్ పెళ్లిలో కీబోర్డు వాణ్ని ముందు పెడతానని మా బ్యాండ్ మాస్టర్ ఇస్మాయిల్ ముందే చెప్పాడు.

సాయంత్రం ఇస్మాయిల్ షెడ్డులో ఊదాను. పక్కన డ్రమ్ములు కొడుతుండగా పైస్వరం అందుకొని చాలాసేపు నిలబెట్టాను. వణకలేదు. చెక్కకున్న తీపి లేదు, నిజమే. కానీ డ్రమ్ముల మోతను దాటి వీధి చివరిదాకా పోయింది.

ఇస్మాయిల్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఇగ నువ్వే ముందల నడువు కాకా."

"నేను ఎన్నడన్న ఎనక నడిచిన్నా?" అన్నాను.