అక్కకు పంపిన మాత్రలు

గిద్దలూరు, 1947

అక్కకు చెల్లెలు నమస్కరించి రాస్తున్నాను.

నేను పంపిన మాత్రలతో ఒంట్లో ఆవిర్లు తగ్గాయనీ, ముట్లుడిగిన నాలుగేళ్లకు మళ్ళీ ముట్టు కనిపించిందనీ సంతోషంగా రాశావు. ఆ సంగతి డాక్టరమ్మకు చెప్పాను. ఆమె అదిరిపడింది.

"నిన్ను పరీక్ష చేసి నీకిచ్చిన మందు ఆమెకెట్ల పంపినావమ్మా? ఆమె రొమ్ములో గడ్డలేమన్నా ఉండాయా?" అంది.

పోయినేడు నీకు తలంటి ఒళ్ళు రుద్దుతూ ఆ గడ్డను తాకింది నేనే. ఎవరికీ చెప్పనని నీకు ఒట్టేశాను. ఆ ఒట్టు ఇవాళ తప్పి, ఆమెకు చెప్పేశాను.

"ఆ మాత్రలకు గడ్డ పెరగొచ్చు. రక్తం ఎందుకు పోతాందో చూడాల. తొందరగా పిలిపించు" అంది.

ఇక ఒక్క మాత్రా మింగొద్దు. ఈ ఉత్తరం తెచ్చిన మా ఆయనతోనే బయలుదేరు. బావ అడిగితే ఇదే చూపించు. నన్ను తిట్టాలనుంటే వచ్చి తిట్టు.

నీ చెల్లెలు